శనివారం చేపల పులుసు

ఉప్పల్ చౌరస్తా దాటి రిక్షా కుడికి తిరిగాక కొంత దూరం పోతే చాలు, నాచారం వాసన మొదలయ్యేది. కుళ్లిన పనసపండు మీద వార్నిష్ పోసినట్టుండేది. గాలి మళ్లితే కాస్త తగ్గి, మళ్లీ వచ్చి గొంతులో కూర్చునేది. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. నాన్న ఆమె మోచేతిని పొడిచేవాడు.

"దియ్యి. అక్క వాళ్లు సూస్తే ఏమనుకుంటరు?"

అమ్మ కొంగు దించి, నోటితో గాలి పీలుస్తూ కూర్చునేది.

మేము కాజీపేటలో రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్న రైల్వేలో గుమాస్తా. పాసు ఉండేది కాబట్టి ప్యాసింజరు బండిలో ఘట్‌కేసర్ దాకా వచ్చి, అక్కడ బస్సెక్కి ఉప్పల్‌లో దిగేవాళ్లం. ఎనభైల చివరి రోజులవి. ఉప్పల్ అప్పటికి సగం ఊరే. బస్సులు ఆగే చోట బర్రెలు పడుకుని ఉంటే కండక్టర్లు దిగి వాటిని అదిలించేవాళ్లు. నాచారంలో మా మేనత్త ఇల్లు. నాన్నకు ఆమె అక్క. ఆమె భర్త, అంటే మా మామ, అక్కడే ఒక మందుల కంపెనీలో ఆపరేటరు. వాళ్లకు ఒక్కతే కూతురు, నాకంటే ఏడాది పెద్ద. నేను ఆమెను వదినె అని పిలిచేదాన్ని. ఏటా వేసవి సెలవుల్లో పది రోజులు వాళ్లింట్లోనే ఉండేవాళ్లం.

మామంత మర్యాద చేసేవాడు మా చుట్టాల్లో ఇంకొకడు లేడని అందరూ అనేవాళ్లు. నిజమే. మేము పోయిన మర్నాడే అందరినీ డబుల్ డెక్కర్ బస్సు పైఅంతస్తులో ముందు సీట్లో కూర్చోబెట్టి పట్నం తిప్పేవాడు. జూపార్కుకు తీసుకుపోయేవాడు. ఇరానీ హోటల్లో చాయ్ సాసర్లో పోసి, అందులో బిస్కెట్ ముంచి మా నోట్లో పెట్టేవాడు. సాయంత్రం ఉప్పల్ చౌరస్తాలో మిర్చి బజ్జీ, తాటి ముంజలు. ఇంటికొస్తే అత్త చేసిన సర్వపిండి, చింతచిగురు వేసి వండిన మాంసం. నేను తినేదాన్ని. ఆ వయసులో నాకున్న ఆబ తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే రోత. ఒకసారి జూపార్కు నుంచి వస్తూ బస్సు కిటికీలోంచి వాంతి చేసుకుని, దిగగానే మళ్లీ బజ్జీలు కావాలని ఏడ్చాను. మామ పగలబడి నవ్వి కొనిచ్చాడు.

మామ చేతుల గురించి చెప్పాలి. కంపెనీలో తయారయ్యే పొడి వల్ల ఆయన గోళ్లు, అరచేతుల గీతలు పసుపుపచ్చగా ఉండేవి. ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు. ఎప్పుడూ బుగ్గన జర్దా పాన్. ఆ చేతులతోనే అన్నం కలిపి, పిల్లల నోళ్లలో ముద్దలు పెట్టడం ఆయనకు సరదా. వద్దంటే ఊరుకునేవాడు కాదు. దవడ పట్టుకుని తెరిపించేవాడు. ముద్దలో పప్పు రుచి కంటే ముందు ఏదో చేదు నాలుకకు తగిలేది. నేను మింగేదాన్ని. పక్కన నాన్న కూర్చుని, "తిను తిను, మామ పెడుతుండు" అని నవ్వేవాడు.

వాళ్లింటి వెనక బావి ఉండేది. బకెట్‌తో నీళ్లు తోడితే పైన కిరసనాయిలు చుక్క వేసినట్టు రంగురంగుల తెట్టు తిరిగేది. అత్త ఆ నీళ్లను బట్టలకూ, బాసండ్లు తోమడానికీ వాడేది. తాగడానికి దూరం నుంచి మోసుకొచ్చేది. ఇంటికి కాస్త అవతల కంపెనీల వెనకగా ఒక నాలా పారేది. పొద్దున లేవగానే వదినె నన్ను అక్కడికి తీసుకుపోయేది.

"నిన్న ఎర్రగ పారింది. ఇయ్యాల ఆకుపచ్చ పారుతది, సూస్తవా?" అని పందెం కాసేది.

నాలా పైన సబ్బునురుగులాంటి నురుగు గుట్టలుగా పోయేది. మేము కట్టెపుల్లలతో ఆ నురుగును ఎగరేసుకుంటూ ఆడేవాళ్లం. అది పోయి పోయి ఊరి పక్కన ఒక కుంటలో కలిసేది.

ఆ ఏడాది నాకు పదకొండేళ్లు. మేము పోయింది సెలవులకే అయినా నాన్నకు ఇంకో పని ఉండింది. నాన్నకు ఒక తమ్ముడు, మా చిన్నాన్న. డిగ్రీ తప్పి మూడేళ్లుగా ఇంట్లో పడుకుని ఉన్నాడు. అతన్ని తన కంపెనీలో పెట్టిస్తానని మామ మాటిచ్చాడు. సూపర్‌వైజరుతో మాట్లాడాను, వానలు పడేలోపు అయిపోతుంది అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాన్న మారిపోయాడు. మామ చెప్పిన జోకు అయిపోకముందే నవ్వేవాడు. మామ నోట్లో పాన్ నిండి ఉమ్మడానికి లేవబోతే, మంచం కింది ఉమ్మి డబ్బాను నాన్న తన చేత్తో దగ్గరికి జరిపేవాడు. మా నాన్న! ఇంట్లో తాగిన నీళ్ల గ్లాసు కూడా ఎత్తని మనిషి. డబ్బా అంచున ఎర్రగా కారిన చోట ఆయన వేళ్లు తగలడం చూశాను. అమ్మ కూడా చూసింది. మొహం పక్కకు తిప్పుకుంది.

మేము ఆదివారం తిరుగు ప్రయాణం కావాలి. శనివారం పొద్దున్నే నాన్న నన్ను వెంటబెట్టుకుని పాలకు బయలుదేరాడు. దారిలో చాయ్ కొట్టు దగ్గర ఆగాడు. ఆ రోజు వాసన మరీ ఎక్కువగా ఉంది. కళ్లు మండుతున్నాయి. కొట్టతను ముక్కుకు తువ్వాలు కట్టుకునే చాయ్ పోస్తున్నాడు.

"ఏందన్నా, ఇయ్యాల గింత ఘోరంగుంది?" అని నాన్న అడిగాడు.

"రాత్రి నాలాలకు ఇడిసిన్రు సార్, మందు నీళ్లు. కుంటల చేపలన్ని తెల్లారేసరికి తేలినయి. పోయి సూడుండ్రి."

"ఎవ్వలన్న ఎత్తుకపోతున్రా?"

"తినెటోళ్లు తింటరు. అమ్మెటోళ్లు అమ్ముతరు." అతను చాయ్ గ్లాసు మీద వాలిన ఈగను ఊది, గ్లాసు నాన్నకిచ్చాడు.

నాన్న తాగకుండానే గ్లాసు పక్కన పెట్టేశాడు. ఇద్దరం కుంట దాకా పోయాం.

కుంట నీళ్లు కడుగునీళ్ల రంగులో ఉన్నాయి. ఒడ్డు పొడుగునా తెల్లటి పొట్టలు. చిన్నవి, పెద్దవి, ఒకదాని మీద ఒకటి. కొన్ని ఇంకా నోళ్లు తెరిచి మూస్తున్నాయి. ఒక కుక్క వచ్చి ఒక చేపను వాసన చూసి, తుమ్మి, వెనక్కి పోయింది. ఒడ్డున నలుగురైదుగురు మనుషులు మోకాళ్ల దాకా నీళ్లలో దిగి ఏరుతున్నారు. వాళ్లలో మామ ఉన్నాడు.

ప్యాంటు పైకి మడిచి, ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని, ఎడమ చేతిలో గోనెసంచి పట్టుకున్నాడు. రాత్రి డ్యూటీ దిగి ఇటే వచ్చినట్టున్నాడు. వంగి ఒక కొర్రమీను ఎత్తాడు. నా చేయంత పొడుగుంది. మొప్ప తెరిచి చూసి, సంచిలో వేసుకున్నాడు.

నాన్న చప్పున నన్ను ఒక గోడ పక్కకు లాగాడు. గోడ అంచు నుంచి ఇంకోసారి తొంగి చూశాడు. తర్వాత తనలో తాను అనుకున్నట్టు, "కొర్రమీను గూడ సచ్చింది" అన్నాడు. నాన్న, అత్త పెరిగింది చెరువున్న ఊళ్లో. కొర్రమీను నీళ్లెండిపోయినా బురదలో దూరి బతుకుతుందని, దాన్ని చంపడం అంత తేలిక కాదని నాకు ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు.

తిరిగి వస్తూ ఇంటి మలుపు దగ్గర నాన్న ఆగి నా భుజం పట్టుకున్నాడు.

"మనం ఇటు రాలే. ఏం సూడలే. సమజయిందా?"

"ఎందుకు బాపు?"

"మీ చిన్నాయిన పని అయ్యేదాంక ఎవ్వలతోని మాట పడొద్దు మనం. మామ చేపలు దెస్తే నువ్వు తినకు. కడుపు నొస్తుందని చెప్పు."

"మరి వదినె?"

నాన్న నా మొహంలోకి చూడలేదు. "చెప్పింది చెయ్యి" అన్నాడు.

గంట తర్వాత మామ వచ్చాడు. స్నానం చేసి వచ్చినట్టు జుట్టు తడిగా ఉంది. సంచిని వాకిట్లో బోర్లించాడు. చేపలు జారి బండ మీద పడ్డాయి.

"ఉప్పల్ అంగడికి పోయిన పొద్దుగల్ల పొద్దుగల్ల. జీవం తోటి ఉన్నయి, గిప్పుడే సచ్చినయి. రేపు పోతున్రు గద మీరు. ఇయ్యాల మస్తు పులుసు తినిపిస్త!"

అత్త బూడిద, ఉప్పు, కత్తిపీట తెచ్చుకుని కూర్చుంది. మొదటి చేప మొప్ప ఎత్తి చూసి చేయి ఆపింది.

"మొప్పలు నల్లబడ్డయి గదా. ఇవి ఎప్పుడు పట్టినయి?"

"ఎండకు గట్లనే అయితయి. నీకే ఎరుకనా చేపల సంగతి?"

"సచ్చిన కొర్రమీను ఎవలన్న కొంటరా? వాసన గూడ అదోతీరుగ ఉంది."

"వాసన నాచారం మొత్తం ఉంది!" మామ గొంతు పెంచాడు. "సుట్టాల ముందట నన్ను బద్నాం చేస్తవా?"

అత్త ఇంకో చేప మొప్ప ఎత్తి చూసింది. కాసేపటికి తల తిప్పి, మంచం మీద పేపరు పట్టుకుని కూర్చున్న నాన్నను పిలిచింది.

"తమ్మీ, నువ్వు రా జర. మన చెరువుల ఎన్ని పట్టలే నువ్వు. నువ్వు జెప్పు, ఇవి మంచియేనా?"

నాన్న లేచి వచ్చాడు. గొంతుక్కూర్చున్నాడు. ఒక చేపను ఎత్తి మొప్ప చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నేను గడపలో నిలబడి ఉన్నాను. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. కుంట అననక్కర్లేదు. మామను తప్పు పట్టనక్కర్లేదు. "పాడయినయి అక్క, పారెయ్యి" అంటే సరిపోయేది.

"బావ దెచ్చిండంటే మంచియే అయితయి" అన్నాడు నాన్న. చేపను బండ మీద పెట్టి, చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

అత్త ఆ చేపల్ని ఉప్పేసి, పసుపేసి, చింతపండు నీళ్లతో ఎన్నిసార్లు కడిగిందో లెక్కలేదు. పులుసు మరిగాక ఇల్లంతా ధనియాలు, మెంతులు, వెల్లుల్లి వాసన. దాని అడుగున ఆ తియ్యటి కుళ్లు అలాగే ఉంది. నాకు ఇప్పటికీ తేలని విషయం ఒకటుంది. అంతా తెలిసి కూడా ఆ పులుసు వాసనకు నా నోట్లో నీళ్లూరాయి.

మధ్యాహ్నం అందరం వరసగా కూర్చున్నాం. అమ్మకు శనివారం ఒక్కపొద్దు, నీసు ముట్టదు. అది అందరికీ తెలిసిందే. మామ గరిటె నిండా ముక్కలు తీసి నాన్న కంచం మీదికి తెచ్చాడు. నాన్న చేయి అడ్డం పెట్టాడు.

"నేను గూడ శనివారం పడుతున్న బావ. రెండు నెలల సంది."

అమ్మ తలెత్తి నాన్నను చూసింది. అంతకుముందు శనివారమే కాజీపేటలో ఆయన కోడికూర తిన్నాడు. ఆమే వండి పెట్టింది. తర్వాత నన్ను చూసింది.

"నాకు కడుపు నొస్తుంది" అన్నాను నేను.

మామకు కోపం వచ్చింది. "ఎవరి కోసం దెచ్చిన మరి? నిన్న ఆరు బజ్జీలు తింటే కడుపు నొయ్యదా? పులుసు తింటే అదే పోతది!" అంటూ తన చేత్తోనే ఒక పెద్ద ముక్క, నడిమి ముక్క, నా కంచంలో వేశాడు. పసుపు గోళ్లు పులుసులో మునిగి తేలాయి. నాన్న తన పచ్చిపులుసు అన్నం కలుపుకుంటూ నావైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది.

పక్కన వదినె తింటోంది. చేప తినడం ఆమెకు వచ్చినంత బాగా ఎవరికీ రాదు. వేళ్లతో ముల్లు వెన్నుతో సహా ఒక్కసారిగా లాగేసేది. మామ కూడా తింటున్నాడు, ఆబగా, తలకాయలు జుర్రుతూ. ఆ నీళ్లేమిటో తెలిసిన మనిషి ఎట్లా తిన్నాడో నాకు ఎన్నో ఏళ్లు అర్థం కాలేదు. బాగా కడిగి ఉడకబెడితే ఏ మందైనా పోతుందని ఆయన నిజంగానే నమ్మి ఉంటాడు. ఆ పొడిలో పొద్దూమాపూ మునిగి తేలేవాడికి అది విషమని ఒప్పుకోవడం కష్టం. ఆ మాత్రం సందేహమైనా ఆయనకు ఇవ్వగలను. మాకు ఇచ్చుకోవడానికి అది కూడా లేదు.

నా కంచంలో ముక్క అలాగే ఉంది. వదినె దాన్ని ఒకసారి చూసింది. అడగలేదు. చూసిందంతే.

"వదినె, నాది గూడ నువ్వే తిను" అన్నాను. ముక్కను నా చేత్తో తీసి ఆమె కంచంలో వేశాను.

ఆమె మొహం వెలిగిపోయింది. "ఒట్టేనా?" అంది.

ఒట్టే అన్నాను. ఆమె తింటుంటే చూశాను. వాళ్లకేం కాదులే, ఇక్కడి నీళ్లకు అలవాటు పడ్డవాళ్లు అనుకున్నాను. పదకొండేళ్ల పిల్లకు అంత నీచమైన ఆలోచన ఎవరూ నేర్పలేదు. దానంతట అదే వచ్చింది. అత్త చివరన, గిన్నెలో మిగిలిన రెండు ముక్కలతో తింది.

ఆ సాయంత్రం అందరం ఉప్పల్ పోవాలి. అమ్మకు గాజులు, నాకు రిబ్బన్లు కొనిస్తానని అత్త చెప్పింది. నాలుగింటికి వదినె జడ వేయించుకుంటూ ఉన్నట్టుండి, "అమ్మా, నోరంత మండుతుంది" అంది. లేచి రెండడుగులు వేసి వాకిట్లో కూలబడింది. ముందు పసుపుగా, తర్వాత నురుగుగా వాంతులు. కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు. ఆమెను ఎత్తబోయిన అత్త గోడ పట్టుకుని అక్కడే వంగిపోయింది. మామకు కూడా కడుపు పట్టేసింది. అయినా పొట్ట ఒత్తుకుంటూనే పరుగెత్తి ఆటో తెచ్చాడు. ఆటోలో వదినె తల నా ఒళ్లో ఉంది. నా లంగా అంతా తడిసింది. ఆ వాసన పొద్దున కుంట దగ్గరి వాసనే. నేను ముక్కు మూసుకున్నాను. ఆమె చూసిందో లేదో తెలియదు.

దవాఖానాలో ఒక డాక్టరమ్మ ఉంది, చిన్న వయసు. తల్లినీ కూతురినీ పక్కపక్క మంచాల మీద వేసి గ్లూకోజు ఎక్కించారు. డాక్టరమ్మ బయటికి వచ్చి అడిగింది.

"ఏం తిన్నారు? చెప్పండి తొందరగా."

"చేపలు" అన్నాడు మామ. "ఉప్పల్ అంగట్ల దెచ్చినయి. మామిడికాయ గూడ తిన్నరు. ఎండదెబ్బ గూడ అయివుంటది."

డాక్టరమ్మ నాన్నను చూసింది. "మీరు కూడా అదే తిన్నారా?"

"నేను శనివారం పడుతనమ్మా" అన్నాడు నాన్న.

నేనూ అమ్మా గోడ పక్కన బెంచీ మీద కూర్చుని ఉన్నాం. అమ్మ నా చెవి దగ్గర నోరు పెట్టి నెమ్మదిగా అడిగింది. "నీకు నిజంగనే కడుపు నొచ్చిందా?"

చెప్పేశాను. చాయ్ కొట్టు, కుంట, గోనెసంచి, గోడ పక్కన నాన్న అన్న మాట. అమ్మ చివరిదాకా వినలేదు. లేచి నిలబడింది. మామ ముందు ఏనాడూ నోరు విప్పని మనిషి. ఆయన ఇంట్లో ఉంటే తలమీద కొంగు తీసేది కాదు. ఆ కొంగు జారిపోయినా సర్దుకోకుండా డాక్టరమ్మ ఎదురుగా పోయి నిలబడింది.

"అంగడి చేపలు గావమ్మా. కంపెనీ నీళ్లకు కుంటల సచ్చి తేలిన చేపలు. ఈయననే ఏరుకొచ్చిండు. మా ఆయన సూసిండు."

డాక్టరమ్మ మామ వైపు తిరిగింది. "ఏం నీళ్లు? ఏముంది అందులో? మీరు అక్కడ పని చేస్తారా? చెప్పకపోతే నేను ఏ మందివ్వాలి?"

మామ చెప్పాడు. ఏదో పెద్ద ఇంగ్లీషు పేరు. తడుముకోకుండా చెప్పాడు. దాంతో పాటు ఇంకో రెండు పేర్లు చెప్పాడు. ఆమె చీటీ మీద రాసుకుని లోపలికి పరుగెత్తింది.

అప్పుడు మామ నాన్న దగ్గరికి వచ్చాడు.

"సూసినవా నువ్వు? సూసి, నా బిడ్డ తింటుంటే పక్కన కూసున్నవా?"

"నీ ఇంటికి సుట్టమొచ్చినోన్ని బావ. నిన్నెట్ల అంట నేను?"

"నీ బిడ్డకు జెప్పుకున్నవు గదరా! నా బిడ్డకు జెప్పనీకి నోరు రాలేదా?"

"దెచ్చి పెట్టింది నువ్వు. ఏరి ఏరి సంచిలేసుకున్నది నువ్వు. నన్నంటున్నవా?"

ఇద్దరూ అట్లా వసారాలో నిలబడి, ఎవడిది ఎక్కువ తప్పో తేల్చుకుంటున్నారు. లోపల్నుంచి వదినె ఓకరింతలు వినబడుతున్నాయి. కడుపులో ఏమీ మిగలకపోయినా ఆగని ఓకరింతలు. మామ మధ్యలో ఆగి, పక్కకు తిరిగి దవాఖానా గోడ మూలన ఎర్రగా ఉమ్మాడు. మళ్లీ నాన్న వైపు తిరిగి మొదలుపెట్టాడు. ఆ ఇద్దరినీ చూస్తుంటే నాకు భయం వేయలేదు, ఏడుపు రాలేదు. కాలికింద ఏదో మెత్తటిది తొక్కినప్పుడు ఒళ్లు జలదరిస్తుందే, అట్లా అయింది. ఆ ఇద్దరి వేళ్లూ పట్టుకునే నేను జూపార్కు తిరిగాను.

మామ రెండు సెలైన్లతో కోలుకున్నాడు. అత్తకు మర్నాటికి తెరిపి ఇచ్చింది. వదినె మూడు రోజులు ఉంది. నోరంతా పొక్కి, పెదాల తోలు ఊడిపోయి, మాట్లాడలేకపోయింది. ప్రాణానికి భయం లేదని డాక్టరమ్మ చెప్పాక సోమవారం మేము బయలుదేరాం. బయలుదేరేముందు నాన్న అత్త మంచం దగ్గర నిలబడ్డాడు. ఏదో సర్దిచెప్పబోయాడు.

"మంచియేనా అని అడిగిన తమ్మీ నిన్ను" అంది అత్త. గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంది. ఎందుకంటే ఏమీ జరగలేదు. వానలు పడేలోపే చిన్నాన్నకు అదే కంపెనీలో పని దొరికింది. మామ మాట తప్పలేదు. నాన్న క్వార్టర్ల నిండా లడ్డూలు పంచాడు. దసరాకు చిన్నాన్న కాజీపేట వచ్చినప్పుడు అతని చొక్కాకు ఆ వాసన ఉంది. నాన్న మాత్రం అతన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. మరుసటి వేసవికి మళ్లీ మేము నాచారం పోయాం. అమ్మ రానని మూడు రోజులు అన్నం మానేసింది. నాలుగో రోజు పెట్టె సర్దింది. మామ మళ్లీ డబుల్ డెక్కర్ ఎక్కించాడు. ఉప్పల్‌లో బజ్జీలు కొనిచ్చాడు. నాన్న మళ్లీ నవ్వాడు. ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని చుట్టాల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకున్నారు. చేపల మాట ఎవరూ ఎత్తలేదు. అత్త ఒక్కతే మారింది. తమ్ముడికి తన చేత్తో వడ్డించడం మానేసింది. గిన్నెలు మధ్యలో పెట్టి, "పెట్టుకోండ్రి" అనేసి వంటింట్లోకి పోయేది. నాన్న తనే గరిటె తీసుకుని పెట్టుకునేవాడు. రెండోసారి కూడా పెట్టుకునేవాడు.

తొంభైల్లో నా పెళ్లయి సికింద్రాబాదులో కాపురం పెట్టాను. వదినె పెళ్లి కూడా అయింది. ఆమె ఇల్లు ఉప్పల్‌లోనే. అప్పటికి మామ పోయాడు. ఒక ఆదివారం మా పాపను తీసుకుని వదినె ఇంటికి పోయాను. ఆ రోజు ఎట్లాగైనా ఆ మాట చెప్పాలని కాదు. ఆమె వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తోంది. నేను గడప మీద కూర్చున్నాను. మా పాప ఆమె కొంగు పట్టుకుని తిరుగుతోంది. ఎందుకో నోట్లోంచి వచ్చేసింది.

"వదినె, ఆ చేప ముక్క నేను తెలిసే ఏసిన నీ కంచంల."

ఆమె కత్తిపీట మీద చేయి ఆపలేదు.

"ఎరుకే" అంది.

"ఎప్పటి సంది?"

"దవాఖానాల ఉన్నప్పుడే. బయట వాళ్ల లొల్లంత ఇని అమ్మ జెప్పింది." ఉల్లిగడ్డ ముక్కల్ని పళ్లెంలోకి నెట్టింది. "నేను మీ ఇంట్ల ఎన్నడన్న తిన్ననా, యాద్ జేస్కో."

నేను జ్ఞాపకం చేసుకున్నాను. మా వైపు పెళ్లిళ్లకు వచ్చింది. నా పెళ్లికి నాలుగు రోజులు ఉంది. పోయిన ఏడు పాప పుట్టినరోజుకు కూడా వచ్చింది. ప్రతిసారీ ఒకటే మాట. ఇప్పుడే తినొచ్చిన. ఉపవాసం. కడుపుల బాగలేదు. ఒక అరటిపండు, అదీ తన చేత్తో తొక్క తీసుకుని. చిన్నప్పటి జబ్బుతో ఆకలి పోయింది పాపం అని నేనే అందరికీ చెప్పేదాన్ని. నా చేతి ముద్ద ఆమె ఈ జన్మలో తినదని నాకు తట్టనే లేదు.

"నాకు కోపమేం లేదు" అంది ఆమె. "పోదు, గంతే. మీ కంచం సూస్తే నోట్లకు పోదు."

ఆ తర్వాత అన్నం వండింది. మటన్ వండింది. మా పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, మెత్తటి ముక్కలు ఏరి, చల్లార్చి, చిన్న చిన్న ముద్దలు చేసి తినిపించింది. పాప నోరు తెరిచి తింటూ ఉంది. నాకు కూడా వడ్డించింది, రెండుసార్లు. నేను తల వంచుకుని తిన్నాను. తింటున్నంతసేపూ నా వేళ్లు నాకే అసహ్యంగా కనిపించాయి.